డాన్ డ్రేపర్ పాపం... అనొచ్చా?

మొన్నొక శనివారం రాత్రి మా ఇంట్లో చిన్న గొడవైంది. గొడవకి కారణం నా నోట్లోంచి వచ్చిన ఒకే ఒక్క మాట - "పాపం!"

సంగతేంటంటే, 'మ్యాడ్ మెన్' సీరియల్ నేను ఎప్పుడో చూసేశాను. మా ఆవిడ చూళ్ళేదు. పిల్లలు పడుకున్నాక రోజుకో ఎపిసోడ్ చొప్పున ఇద్దరం కలిసి మళ్ళీ మొదలుపెట్టాం. మూడో సీజన్లో పదకొండో ఎపిసోడ్ దాకా వచ్చాం. డాన్ డ్రేపర్ భార్య ముందు కూర్చుని ఏడుస్తున్నాడు. నేను అప్రయత్నంగా "పాపం" అన్నాను. మా ఆవిడ రిమోట్ తీసుకుని పాజ్ నొక్కి, నా వైపు తిరిగి అడిగింది.

"ఎవరు పాపం?"

ఆ ప్రశ్నకి సమాధానం చెప్పడానికి నాకు వారం రోజులు పట్టింది. ఎందుకంత ఆలస్యమో చివర్లో చెప్తాను. (హెచ్చరిక: సీరియల్ ఇంకా చూడనివాళ్ళకి కథ చాలా వరకు ఇక్కడే తెలిసిపోతుంది. తర్వాత నన్ను తిట్టుకోవద్దు.)

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 'మ్యాడ్ మెన్' అమెరికాలో ఏఎంసీ చానల్లో 2007 జూలై నుంచి 2015 మే దాకా వచ్చింది. ఏడు సీజన్లు, 92 ఎపిసోడ్లు. సృష్టికర్త మాథ్యూ వైనర్. కథ 1960ల న్యూయార్క్‌లో, మాడిసన్ అవెన్యూలోని ఒక యాడ్ ఏజెన్సీలో జరుగుతుంది. అక్కడ క్రియేటివ్ డైరెక్టర్ మన డాన్ డ్రేపర్. వేషం వేసింది జాన్ హామ్. ఆరడుగుల పైన అందగాడు, మాటకారి, ఆఫీసులో హీరో.

మొదటి ఎపిసోడ్ చూడండి. డాన్ ఒక బొమ్మలేసే అమ్మాయి ఇంటికి వెళ్తాడు, ఆమెతో పెళ్ళి మాట కూడా ఎత్తుతాడు. మర్నాడు ఆఫీసులో అద్భుతంగా పని చేస్తాడు. ఆ అమ్మాయికీ ఇతనికీ కుదిరితే బావుణ్ణని మనం అనుకుంటూ ఉండగా, ఎపిసోడ్ ఆఖర్న రైలెక్కి ఊరవతల ఉన్న ఇంటికి వెళ్తాడు. అక్కడ భార్య బెట్టీ, నిద్రపోతున్న ఇద్దరు పిల్లలు! అప్పటిదాకా మనకి అతను పెళ్ళైనవాడని తెలియదు. అంటే మనం ముందు అతన్ని ఇష్టపడ్డాం, తర్వాత అతను మోసం చేస్తున్నాడని తెలుసుకున్నాం. ఈ వరస కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు ఆ మూడో సీజన్ సీను. డాన్ మర్చిపోయిన తాళంచెవులు బెట్టీకి దొరుకుతాయి. ఎప్పుడూ తాళం వేసి ఉండే అతని టేబుల్ సొరుగు తెరుస్తుంది. అందులో పాత ఫోటోలు, వేరే పేరుతో కాగితాలు, ఎప్పుడో ఎవరితోనో తీసుకున్న విడాకుల పత్రం. భర్తని నిలదీస్తుంది. డాన్ చేతులు వణుకుతాయి, సిగరెట్ కూడా సరిగ్గా పట్టుకోలేడు. అప్పుడు మొత్తం చెప్తాడు. అతని అసలు పేరు డిక్ విట్‌మన్. తల్లి వేశ్య, ఇతన్ని కంటూనే చనిపోయింది. తండ్రి గుర్రం తన్ని చనిపోయాడు. పెంచింది సవతి తల్లి. కొరియా యుద్ధంలో పక్కనున్న ఆఫీసరు డాన్ డ్రేపర్ పేలుడులో చనిపోతే, అతని మెళ్ళో బిళ్ళ తీసి తన మెళ్ళో వేసుకుని, ఆ పేరుతో కొత్త బతుకు మొదలుపెట్టాడు. సవతి తమ్ముడు వెతుక్కుంటూ వస్తే చేతిలో డబ్బు పెట్టి పొమ్మన్నాడు. ఆ తమ్ముడు ఉరేసుకున్నాడు. అది చెప్తూ కూలబడి ఏడుస్తాడు. అంతసేపూ రాయిలా నిలబడ్డ బెట్టీ కూడా చివరికి అతని భుజం మీద చెయ్యి వేస్తుంది.

సరే, ఇంత విన్నాక ఎవరికైనా జాలి కలగదా? నాకు కలిగింది. మొదటిసారి చూసినప్పుడూ కలిగింది, రెండోసారీ కలిగింది.

కానీ ఆ సీను జరుగుతున్నంతసేపూ ఇంటి బయట డాన్ కారులో ఒకమ్మాయి కూర్చుని ఉంటుంది. పేరు సుజాన్. డాన్ కూతురు సాలీకి పాఠాలు చెప్పిన టీచరు. బెట్టీ, పిల్లలు ఊర్లో లేరనుకుని ఇద్దరూ కలిసి బయటికి వెళ్దామనుకున్నారు. "ఒక్క నిమిషంలో వస్తా" అన్నట్టుగా లోపలికి వెళ్ళిన మనిషి రాత్రంతా బయటికి రాలేదు. ఆ పిల్ల చూసీ చూసీ, చివరికి పెట్టె పట్టుకుని చీకట్లో నడుచుకుంటూ వెళ్ళిపోతుంది.

మొదటిసారి చూసినప్పుడు ఈ ముక్క నాకు దాదాపు గుర్తే లేదు! డాన్ ఏడుపు గుర్తుంది, అతని తమ్ముడు గుర్తున్నాడు, కారులో అమ్మాయి గుర్తులేదు. మా ఆవిడ మాత్రం డాన్ ఏడుస్తున్నంతసేపూ ఆ కారు గురించే ఆలోచిస్తోంది. భార్య ముందు గతం మొత్తం ఒప్పుకుంటున్నాడు, కానీ వాకిట్లో ఉన్న వర్తమానం గురించి ఒక్క ముక్క చెప్పట్లేదు. "ఎవరు పాపం" అని అందుకే అడిగింది.

మనలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఆర్‌సీఏ రాసే ఉంటాం - అదేనండీ, రూట్ కాజ్ ఎనాలిసిస్. సర్వర్ ఎందుకు పడిపోయింది, ఎవరు ఏ కాన్ఫిగరేషన్ మార్చారు, అని వివరంగా రాస్తాం. అది బాగా రాస్తే మేనేజరు మెచ్చుకుంటాడు కూడా. అంతమాత్రాన ఆ నాలుగు గంటలూ సర్వర్ పడిపోనట్టు అవుతుందా? కస్టమర్‌కి పోయిన వ్యాపారం తిరిగొస్తుందా? డాన్ బాల్యం ఒక మంచి ఆర్‌సీఏ. అతను ఎందుకలా తయారయ్యాడో అది చెప్తుంది. బెట్టీకి జరిగిన నష్టం లెక్క అందులో ఉండదు, ఉండే చోటు కూడా కాదు. మనం చేసే పొరపాటల్లా ఆ రిపోర్టు చదివి, నష్టం కూడా తీరిపోయిందనుకోవడం.

ఇది అమెరికా సీరియల్ కదా, మన సంగతేంటి అంటారా? అక్కడికే వస్తున్నా. మా అమ్మ స్టార్ మాలో 'ఇంటింటి గృహలక్ష్మి' వదలకుండా చూసేది. 2020లో మొదలై 2024 దాకా నడిచింది. మూలం 2019లో మొదలైన బెంగాలీ 'శ్రీమొయీ'. అదే కథ హిందీలో 'అనుపమా'గా, తమిళంలో 'బాక్యలక్ష్మి'గా, మరికొన్ని భాషల్లో వేరే పేర్లతో వచ్చింది. ఇంటెడు చాకిరీ చేసే తులసి, ఆమెని చులకనగా చూసే భర్త నందు, అతని ఆఫీసులో లాస్య. మా అమ్మ తులసి కోసం కళ్ళు తుడుచుకునేది. అయితే కోపమంతా ఎవరి మీదంటే లాస్య మీద! "వాడు మంచోడేరా, అది తగులుకుంది. మొగాడు, వాడికేం తెలుసు?" అనేది. నందుకి యాభై ఏళ్ళకి దగ్గర పడ్డాయి, ఎదిగిన పిల్లలున్నారు, అయినా వాడికేం తెలుసట!

గమనించారా? అమెరికా వాళ్ళేమో తప్పుని మొగుడి బాల్యం మీదికి తోశారు. మా అమ్మ పక్క ఆడదాని మీదికి తోసింది. దారులు వేరే గానీ చేరే ఊరు ఒకటే. ఎటు చూసినా తప్పు చేసినవాడు బాధితుడైపోతాడు.

ఇక మొదటి ఎపిసోడ్ వరస దగ్గరికి వద్దాం. మనం ముందు ఎవరి కళ్ళతో చూస్తే వాళ్ళ పక్షం చేరతాం. కెమెరా డాన్ వెంట ఆఫీసుకి వెళ్తుంది, హోటల్ గదికి వెళ్తుంది, కలలోకి కూడా వెళ్తుంది. అతనికి ఒంటరిగా ఉన్నప్పుడు ఎంత దిగులో మనకి తెలుసు. 'మ్యాడ్ మెన్'లో మెచ్చుకోవాల్సింది ఏంటంటే, వాళ్ళు అప్పుడప్పుడూ కెమెరాని బెట్టీ దగ్గర కూడా వదిలారు. రెండోసారి చూసినప్పుడు నేను వెతుక్కున్నది ఆ ముక్కలే.

మొదటి సీజన్లో బెట్టీ చేతులు ఉన్నట్టుండి తిమ్మిరెక్కుతుంటాయి. డాక్టర్లు శరీరంలో ఏ లోపమూ లేదంటారు. మనసు డాక్టరు దగ్గరికి పంపుతారు. ఆమె అక్కడ సోఫా మీద పడుకుని మనసులో మాటలు చెప్పుకుంటుంది. ఆ రాత్రే డాన్ ఆ డాక్టర్‌కి ఫోన్ చేస్తాడు. ఆయన ఆవిడ చెప్పిందంతా ఈయనకి చెప్పేస్తాడు! సీజన్ ఆఖర్లో పక్కింటావిడ తన మొగుడి వ్యవహారం ఫోన్ బిల్లు చూసి పట్టుకుంటుంది. అది విని బెట్టీ కూడా తమ ఇంటి ఫోన్ బిల్లు తెరుస్తుంది. అందులో ఆమెకి దొరికింది డాక్టరు నంబరు.

రెండో సీజన్లో ఇంకొకటి. డాన్ వ్యవహారం గురించి బయటివాడొకడు బెట్టీ చెవిన వేస్తాడు. ఆమె భర్తని అడుగుతుంది. డాన్ మొహం మీదే కాదంటాడు. ఆమె పార్టీకి కట్టుకున్న గౌను కూడా మార్చుకోకుండా మర్నాడంతా అతని కోటు జేబులు, సొరుగులు, కాగితాలు వెతుకుతుంది. ఏమీ దొరకదు. చూస్తున్న మనకి నిజం తెలుసు. ఆమెకి మాత్రం తన అనుమానం తప్ప చేతిలో ఆధారం లేదు. ఆధారం అప్పట్లో చట్టానికి కూడా కావాలి. 1966లో మార్చేదాకా న్యూయార్క్ రాష్ట్రంలో విడాకులకి ఉన్న ఒకే ఒక్క కారణం వ్యభిచారం, అదీ రుజువు చెయ్యాలి. అందుకే బెట్టీ చివరికి నెవాడా రాష్ట్రంలోని రీనోకి వెళ్తుంది. ఆరు వారాలు అక్కడ నివాసం ఉంటే చాలు, విడాకులు అడగొచ్చు.

ఈ జేబులు వెతికే సీను చూశాకే నాకు ఒక విషయం స్పష్టమైంది. ఇలాంటి మోసంలో పెద్ద దెబ్బ ఆ హోటల్ గది కాదు. కళ్ళెదుట నిజం ఉన్నా "నీ భ్రమ, నీకు అనుమానం జబ్బు" అని ఒక మనిషి బుర్రని ఆ మనిషే నమ్మలేకుండా చెయ్యడం. దానికి మొగుడొక్కడే చాలడు. చుట్టూ సహకరించేవాళ్ళు కావాలి. ఫోన్లో ఆ డాక్టర్ లాంటివాళ్ళు.

ఇప్పుడు వారం ఆలస్యం ఎందుకైందో చెప్పాలి.

చాలా ఏళ్ళ క్రితం, హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, నేనూ ఇంకొకడూ ఒకే టీములో ఉండేవాళ్ళం. పెళ్ళిళ్ళకి ముందు ఒకే గదిలో అద్దెకున్నాం. వాడి పెళ్ళికి నేనే దగ్గరుండి పనులు చూశాను. వాళ్ళావిడ నన్ను "అన్నయ్యా" అనేది. మూడేళ్ళకి వాడికి ఇంకొకరితో వ్యవహారం మొదలైంది. నాకు చెప్పాడు. ఎలా చెప్పాడంటే, సరిగ్గా డాన్ లాగే. చిన్నప్పుడు ఇంట్లో ఎలా పెరిగాడో, పెళ్ళి ఎవరి బలవంతం మీద చేసుకున్నాడో, ఇంటికెళ్తే ఎంత ఊపిరాడదో... టీ కొట్టు దగ్గర రెండు గంటలు. అన్నీ నిజాలే, ఒక్కటీ అబద్ధం కాదు. నాకు నిజంగా జాలేసింది.

ఆ జాలితో నేనేం చేశానో చెప్తాను. వాళ్ళావిడ ఫోన్ చేసి "అన్నయ్యా, ఆయన మీతోనే ఉన్నారా? ఫోన్ ఎత్తట్లేదు" అని అడిగితే, "ఇక్కడే ఉన్నాడమ్మా, మీటింగులో ఉన్నాడు. ఈ రాత్రి రిలీజ్ ఉంది కదా" అన్నాను. ఒకసారి కాదు. ప్రతిసారీ "ఈ ఒక్కసారికే" అనుకున్నాను. మేం చేసే పనిలో ఉన్న సుఖం ఏంటంటే, రాత్రి రెండింటికి ఆఫీసులో ఉన్నామంటే ఎవరైనా నమ్ముతారు.

తర్వాత ఎలాగో బయటపడింది. ఆ అమ్మాయి ఒకరోజు మా ఆఫీసు కింద క్యాంటీన్‌కి వచ్చి నన్ను పిలిపించింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, ఏడవలేదు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న కాగితం తీసి బల్ల మీద పెట్టింది. తొమ్మిది తేదీలు రాసున్నాయి.

"వీటిలో ఏయే రోజులు ఆయన నిజంగా మీతో ఉన్నారో టిక్కు పెట్టండి అన్నయ్యా. ఆయన్నేం చెయ్యడానికీ కాదు. ఏడాదిగా నాకు పిచ్చెక్కిందని మా అమ్మావాళ్ళు కూడా అంటున్నారు. నాకెక్కిందో లేదో తెలుసుకోవాలి, అంతే."

పెన్ను తీసుకుని రెండు తేదీలకి టిక్కు పెట్టాను. మిగతా ఏడూ అలాగే వదిలేశాను. ఆమె కాగితం చూసుకుని, మడిచి లోపల పెట్టుకుని, "థాంక్స్ అన్నయ్యా" అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత నన్ను అన్నయ్యా అని పిలిచే సందర్భం రాలేదు.

ఆ డాక్టర్ని చూసి "ఛీ, ఎంత నీచుడు" అనుకున్నాను మొదటి సీజన్లో. ఆ డాక్టర్ కనీసం వైద్యం పేరు చెప్పుకుని చేశాడు. నేను స్నేహం పేరు చెప్పుకుని చేశాను. నాకు వాడి కథ తెలుసు, ఆమె కథ తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. ఎందుకంటే కెమెరా మొదట్నించీ వాడి వెంటే ఉంది, ఆ కెమెరా నేనే.

ఈ సంగతి ఇన్నేళ్ళూ మా ఆవిడకి చెప్పలేదు. పోయిన వారమే చెప్పాను. విని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "ఆ అమ్మాయి అప్పట్లో నన్ను కూడా అడిగింది. మీరు చెప్పిందే నిజమనుకుని నేనూ అదే చెప్పాను. అనవసరంగా అనుమానించకు అని మందలించాను కూడా" అంది.

ఇది నాకు తెలియదు. నా అబద్ధాన్ని మా ఆవిడ నిజమనుకుని ఇంకో ఇంటికి మోసుకెళ్ళిందన్నమాట. వాడి మీద నేను పడిన జాలికి డబ్బు కట్టింది ఇద్దరు ఆడవాళ్ళు. నా జేబులోంచి పైసా పోలేదు.

సరే, మళ్ళీ మొదటి ప్రశ్నకి. డాన్ లాంటి మొగుడి మీద జాలి పడొచ్చా? పడొచ్చనే ఇప్పటికీ అంటాను. జాలి అనేది మనం ప్రయత్నిస్తే వచ్చేదీ కాదు, వద్దంటే ఆగేదీ కాదు. ఒక మనిషి ఎందుకలా అయ్యాడో అర్థం చేసుకోవడంలో తప్పేమీ లేదు. అసలు ఆ ప్రయత్నమే చెయ్యకపోతే కథలెందుకు, సీరియళ్ళెందుకు? వేధించే అత్త, దుర్మార్గపు మొగుడు, కన్నీళ్ళ కోడలు అని మూడు బొమ్మలు గోడకి కొట్టుకుని చూసుకోవచ్చు.

కానీ జాలి ఒకటి, సాక్ష్యం ఒకటి. జాలితో వాడి పక్కన కూర్చోవచ్చు, టీ తాగించొచ్చు, "ఇంటికెళ్ళి నిజం చెప్పరా" అని పోరొచ్చు. వాడి తరఫున ఒక్క అబద్ధం ఆడినా అది ఇక జాలి కాదు. ఆవిడ జేబులు వెతుక్కుంటుంటే లైటు తీసెయ్యడం.

'మ్యాడ్ మెన్' నిజాయితీ కూడా ఇక్కడే ఉందనిపిస్తుంది. అది డాన్ మీద జాలి చూపిస్తుంది గానీ బిల్లు దాచదు. ఆరో సీజన్లో సాలీ తండ్రిని కింది ఫ్లాట్ ఆవిడతో కళ్ళారా చూస్తుంది. తలుపు బయట నిలబడి డాన్ చెప్పే సాకు వింటే మనకే సిగ్గేస్తుంది. బెట్టీని నమ్మించినట్టు ఆ పిల్లని నమ్మించలేకపోతాడు. ఆ సీజన్ ఆఖరున మాత్రం, చాక్లెట్ కంపెనీ వాళ్ళ ముందు తను వేశ్యాగృహంలో పెరిగానని నోరు విప్పుతాడు. ఉద్యోగం మీదికి వస్తుంది. తర్వాత పిల్లల్ని తీసుకెళ్ళి తను పెరిగిన ఆ పాడుబడ్డ ఇల్లు చూపిస్తాడు. సాలీ తండ్రి వైపు తిరిగి ఒక చూపు చూస్తుంది. నాకు డాన్ మీద పూర్తిగా, ఏ గిల్టూ లేకుండా జాలి కలిగింది అక్కడే. ఎందుకంటే అప్పుడు చెప్పిన నిజం తప్పించుకోవడానికి చెప్పింది కాదు, కారులో ఎవరూ లేరు.

అయినా అన్నీ సర్దుకోవు. చివరి ఎపిసోడ్లో బెట్టీకి ఊపిరితిత్తుల క్యాన్సర్, ఎక్కువ రోజులు లేవు. డాన్ ఎక్కడో దూరం నుంచి ఫోన్ చేసి వచ్చేస్తానంటాడు. బెట్టీ వద్దంటుంది. పిల్లల రోజులు వీలైనంత మామూలుగా గడవాలి, నువ్వు లేకపోవడం కూడా ఆ మామూలులో భాగమే అన్న అర్థం వచ్చేలా నెమ్మదిగా చెప్తుంది. కోపం లేదు, సాధింపు లేదు. ఇద్దరూ ఏడుస్తారు. అతని మీద ఆమెకీ జాలే, కానీ ఇంట్లోకి రానివ్వలేదు. రెండూ ఒకేసారి కుదురుతాయని బెట్టీకి తెలిసినట్టు నాకు తెలియలేదు.

నిన్న రాత్రి ఆ మూడో సీజన్ సీనుని పాజ్ చేసిన చోటి నుంచి మళ్ళీ పెట్టాం. డాన్ ఏడ్చాడు. బెట్టీ భుజం మీద చెయ్యి వేసింది. మా ఆవిడ నా వైపు చూసింది, నేను ఈసారి నోరెత్తలేదు. సుజాన్ పెట్టె పట్టుకుని చీకట్లో నడిచి వెళ్తుంటే మా ఆవిడే "పాపం" అంది.

ఇప్పుడు "ఎవరు?" అని నేను అడగలేదు.